వాసవీకుమారి వాటా రొట్టె

పస్కా పండగకి ఇంటికి వెళ్ళడం కుదరదని తేలిపోయినప్పుడు హదస్సా ఏడవలేదు. ఏడవడానికి తీరిక ఉండొద్దూ. పండగకి ముందు రోజు ఒక ప్రాక్టికల్ పరీక్ష, పండగ దాటిన మర్నాడు ఇంకొకటి. తేదీలు వేసిన పెద్దమనిషికి లోకంలో యూదులనేవాళ్ళున్నారనీ, వాళ్ళలో ఒకమ్మాయి బరంపురంలో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతోందనీ ఎవరు చెబుతారు? చెప్పినా నమ్మడు. యూదులంటే తెల్లగా, పొడుగ్గా, టీవీ వార్తల్లో కనిపించేవాళ్ళు. గుంటూరు జిల్లాలో, పొన్నూరు దారిలో, మిరపతోటల్లో కూలికి వెళ్ళేవాళ్ళలో యూదులుండటమేమిటి?

ఉన్నారు మరి. హదస్సా తండ్రి యెహెజ్కేలు వారానికి ఆరు రోజులు మిరపకాయలు కోస్తాడు, ఏడో రోజు పల్లెలోని చిన్న మందిరంలో ప్రార్థన చదువుతాడు. ఐగుప్తు, అంటే ఈజిప్టు, దాటి వచ్చినవాళ్ళ సంతానం తామని ఆ ఇళ్ళలో తాతల నాటి నుంచీ చెప్పుకుంటారు. ఆ మాట నమ్మేవాళ్ళు కొందరు, నవ్వేవాళ్ళు ఎందరో. ఊళ్ళోవాళ్ళకి మాత్రం ఆ తర్జనభర్జనే లేదు. వాళ్ళ లెక్కలో అది మాదిగపల్లె. వీళ్ళు ఏ దేవుణ్ణి ఏ భాషలో పిలిచినా పల్లె పల్లేనని వాళ్ళ ధీమా.

పస్కా రాత్రి భోజనం మొదట్లో ఒక పద్ధతుంది. రొట్టె పైకెత్తి, "ఆకలిగొన్నవాళ్ళంతా వచ్చి తినండి" అని పిలవాలి. చాలామంది ఆ మాటని పుస్తకంలో చూసి చదివేసి ఊరుకుంటారు. యెహెజ్కేలు ఊరుకునే రకం కాదు. వీధి తలుపు బార్లా తెరిచి, గుమ్మంలో నిలబడి, రోడ్డవతల ఊళ్ళోకి వినబడేలా తెలుగులో కేక వేస్తాడు. హదస్సా ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తోంది. రోడ్డవతల నుంచి ఒక్క మనిషి వచ్చిన పాపాన పోలేదు. వచ్చేవల్లా దోమలు. అయినా భోజనాలయ్యేదాకా తలుపు వేయనివ్వడు. ఒక ఏడాది ఎవరో షావుకారు సైకిలాపి, "ఏంట్రా ఆ గోల?" అని అడిగి వెళ్ళిపోయాడు. యెహెజ్కేలు ఇప్పటికీ, "ఆ ఏడు ఒకాయన ఆగాడు" అని చెప్పుకుంటాడు. నవ్వాలో ఏడవాలో తెలియక ఇంట్లోవాళ్ళు తల వంచుకుంటారు.

ఈ ఏడు కూతురు రాదని ఫోన్లో విని ఆయన, "ఒక్కదానివే అయినా చేసుకోవచ్చమ్మా. ప్రశ్నలు నువ్వే అడుక్కుని జవాబులు నువ్వే చెప్పుకోవాలి, అంతే. పద్ధతి ఒప్పుకుంటుంది. కాకపోతే ఒక్క మనిషైనా వచ్చి తింటే..." అని ఆగిపోయాడు.

"వస్తారు నాన్నా. మా ఇంటి ఓనరుగారున్నారుగా, ఆంటీ. ఆమె వస్తారు."

"వాళ్ళు కోమట్లన్నావు?"

"అవును."

"వచ్చి తింటుందా? మన చేత్తో చేసింది?"

ఆ గొంతులో ఆశ హదస్సాకి వినబడింది. "తింటుంది నాన్నా" అంది. అప్పటికింకా ఆమెని అడగనేలేదు.

బరంపురం హల్దియాపదర్‌లో ధర్మలింగంగారి మేడ మీద ఒంటిగది అది. ధర్మలింగం పప్పుల హోల్‌సేల్ వ్యాపారి. నాలుగు తరాల కిందటే వచ్చి బరంపురంలో స్థిరపడిన కుటుంబం. ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా, కోపమొస్తే రెండూ. భార్య వాసవీకుమారి మనసు వెన్న, మడి మాత్రం ఇనుము. ఏడాదిన్నర కిందట గది చూడ్డానికి వచ్చిన హదస్సాని గుమ్మంలోనే నిలబెట్టి అడిగింది.

"మీరేటోల్లు పాపా?"

"యూదులమండీ."

"ఎప్పుడూ ఇన్నేదు. కిరస్తానీలేటి?"

"కాదండీ."

"మాంసం తింతారా?"

"ఇక్కడుండగా ముట్టను. మా ఇంట్లో కూడా పాలకీ మాంసానికీ గిన్నెలు వేరు. తినేముందు చేతులు కడుక్కుని ప్రార్థన చెప్పుకుంటాం. శుక్రవారం పొద్దుగూకేముందు దీపాలు పెట్టేస్తాం. ఇక శనివారం చుక్క పొడిచేదాకా పొయ్యి ముట్టించం."

వాసవీకుమారి నోరెళ్ళబెట్టింది. గిన్నెలు వేరు! శుక్రవారం దీపం! ముందురోజే వండుకుని మర్నాడు పొయ్యి ముట్టని నిష్ఠ! తన అత్తగారు బతికుండగా కూడా ఇంత మడి ఆ ఇంట్లో లేదు. మనుషుల్ని వాళ్ళ గిన్నెల్ని బట్టి అంచనా వేయడం ఆమెకి పుట్టుకతో వచ్చిన విద్య. గుంటూరు వైపు ఎవరో పెద్ద ఆచారపరుల ఇంటి పిల్ల అని అక్కడికక్కడే నిశ్చయించుకుంది. అద్దె తగ్గించింది కూడా. అప్పటి నుంచీ ఇరుగుపొరుగుతో, "మా మేడమీద పాప మడి సూత్తే మనకే సిగ్గేత్తాది" అని గొప్పగా చెప్పుకుంటూ వచ్చింది.

హదస్సా ఆ అపోహని సరిదిద్దలేదు. అడిగినదానికల్లా నిజమే చెప్పింది, అడగనిది చెప్పలేదు. ఇందులో అబద్ధమెక్కడుందని తనకి తాను నచ్చజెప్పుకునేది. కాలేజీకి వెళ్ళేటప్పుడు ఆమె కిందనుంచి, "తిన్నావేటి పాపా?" అని పలకరించినప్పుడల్లా మాత్రం లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకునేది. అద్దెకి గది దొరక్క మూడు వారాలు ఒక స్నేహితురాలి హాస్టల్ మంచం కింద పెట్టె పెట్టుకుని తిరిగిన పిల్లకి ఆ ముల్లు భరించలేనిదేమీ కాదు.

పండగకి వారముందు హదస్సా గది దులపడం మొదలుపెట్టింది. పస్కా ఎనిమిది రోజులూ ఇంట్లో పులిసిన పిండి రవ్వంతయినా ఉండకూడదు. బ్రెడ్డు పొడి, బిస్కట్ ముక్క, ఏదీ. వాళ్ళ నాన్న ఇడ్లీ పిండినీ దోసె పిండినీ కూడా ఆ జాబితాలోనే వేసేశాడు. మంచం నిలబెట్టి, పుస్తకాల అట్టల సందులు కూడా తుడుస్తుంటే, వాసవీకుమారి ఇడ్లీల పళ్ళెంతో మెట్లెక్కి వచ్చింది.

"ఇవాల్టి నుంచీ ఇడ్లీ వద్దాంటీ. మా పండగొస్తోంది. పులిసింది తినకూడదు."

"పులిసింది మడికి పనికిరాదు మరి" అంది వాసవీకుమారి, తనకి తెలియని ధర్మమేముంది అన్నట్టు. కొంగు నడుముకి దోపి తనే చీపురందుకుంది. "మాకు దసరాకి దులుపు, మీకు ఇప్పుడన్నమాట. ఏటి పండగ?"

హదస్సా చెప్పింది. రాజు కింద వెట్టి చేసిన జనం, రాత్రికి రాత్రి పారిపోవడం, పిండి పులిసేదాకా ఆగే వ్యవధి లేక పచ్చి పిండినే రొట్టెలు కాల్చుకోవడం. వాసవీకుమారి చీపురు పక్కన పెట్టి గట్టు మీద కూర్చుని విన్నది. "అయ్యో, కూడు పొంగేదాకా కూడా ఉండనియ్యలేదేటి" అని కళ్ళొత్తుకుంది. ఆ కన్నీళ్ళు చూసి హదస్సాకి ధైర్యం వచ్చింది.

"ఆంటీ, పండగ రాత్రి భోజనానికి మీరు రావాలి. అతిథి లేకపోతే మా నాన్నకి పండగ చేసినట్టే ఉండదు."

"నన్నా?" వాసవీకుమారి ముఖం చేటంతైంది. "తప్పకండా వత్తాను. ఇన్నాల్లున్నావు, ఒక్కపాలి నీ సేతి వంట తిన్నానా? ఇంత మడిగల పిల్ల సేతి కూడు తింటే నాకూ పున్నెమే."

హదస్సా నవ్వింది గానీ, ఆ చివరి మాట మింగుడుపడలేదు. అప్పుడే చెప్పేస్తే ఎలా ఉండేదో. చెప్పలేదు. పండగ వెళ్ళాక చెబుదామనుకుంది.

ఇక సరంజామా. పస్కా పళ్ళెంలో ఉండాల్సినవాటిని స్కాలర్‌షిప్పు రాని నెలల్లో సమకూర్చుకోవడం ఒక కళ. ద్రాక్షసారాయం బదులు కిస్‌మిస్ నానబెట్టి మరిగించిన నీళ్ళు. ఆపిల్ పళ్ళూ బాదంపప్పులూ అక్కర్లేకుండా ఖర్జూరం, వేరుశెనగ కలిపి నూరిన ముద్ద. చేదుకూరకి డబ్బే అక్కర్లేదు, వీధి మలుపులో వేపచెట్టుంది. కాల్చిన గొర్రె ఎముక, ఉడికించిన గుడ్డు ఉండాలి. అవి ఈ ఇంటి గేటు దాటితే ధర్మలింగంగారికి గుండె ఆగుతుంది. ఎముక బదులు కాల్చిన బీట్‌రూట్ పెట్టవచ్చని నాన్న ఫోన్లో చెప్పాడు. గుడ్డు బదులు ఏం పెట్టాలో ఆయనకీ తోచలేదు. "ఒక బంగాళాదుంప పెట్టమ్మా. దేవుడికి మన సంగతి తెలుసు" అన్నాడు.

గిన్నెలు, పెనం కూడా కొత్తవై ఉండాలి, పులిసినది తగలనివి. అక్కడ ఆదుకున్నది వాసవీకుమారి. అటక మీద, మనవరాలి పెళ్ళికని దాచిన సామాన్లలోంచి మెరిసే పెనమొకటి, రెండు గిన్నెలు దింపింది. గోధుమలు తనే ఏరి, తడి తగలకుండా మరలో ఆడించి తెచ్చింది. పిండిలో నీళ్ళు పోసిన క్షణం నుంచి పద్దెనిమిది నిమిషాల్లో రొట్టె కాలి దిగాలి, అంతకు మించితే పులిసినట్టే. ఇద్దరూ చెమటలు కక్కుతూ కాల్చారు. వాసవీకుమారి కింద ఇంట్లోంచి గోడ గడియారం ఊడదీసి తెచ్చి, ఒళ్ళో పెట్టుకుని, "పన్నెండు... పదమూడు... తొరగా తిప్పు పాపా, పోతాది, పోతాది!" అని కంగారు పెట్టింది. ఉప్పు లేదు, నూనె లేదు, అప్పడానికెక్కువ, చపాతీకి తక్కువ. తొమ్మిది రొట్టెలయ్యాయి. వాసవీకుమారి వాటిలో గుండ్రంగా వచ్చినదాన్ని ఏరి పక్కన పెట్టింది.

"ఇది నా వాటా. ఎవులికీ పెట్టీకు."

ఆ పూట హదస్సా ఎంత సంతోషంగా ఉందంటే, ఇంటి మీద బెంగ కూడా మర్చిపోయింది.

మర్నాడు నీరజ దిగింది. వాసవీకుమారి చెల్లెలు. తెనాలి ఇచ్చారు. రెండేళ్ళకోసారి వచ్చే అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర కోసం బరంపురం ఆడపడుచులందరూ పుట్టినూరికి చేరే రోజులవి. వీధుల నిండా డప్పులు, మొక్కు తీర్చుకోవడానికి పులివేషం కట్టినవాళ్ళు, రాజు వేషం కట్టినవాళ్ళు, అసలు మనిషెవరో పోల్చుకోలేనంత రంగు. ప్రాక్టికల్ ముగించుకుని ఆ జనంలోంచి ఈదుకుంటూ హదస్సా ఇంటికి వచ్చేసరికి, నీరజ మేడ మీద జుట్టు ఆరబెట్టుకుంటోంది. వాసవీకుమారి పక్కనే వడియాలు తిరగేస్తోంది.

"ఇదిగోనే, నాను సెప్పలేదా, మా మడి పాప! మీ గుంటూరోలే!" అంది వాసవీకుమారి మురిపెంగా.

"ఏ ఊరమ్మాయ్?" అంది నీరజ.

హదస్సా ఊరి పేరు చెప్పింది.

"అయ్యో, అది మాకు తెలీకపోవటమేంటి! మా మరిదికి అక్కడ మిరప గోడౌనుంది. ఊళ్ళో ఎవరి తాలూకు?"

ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణంలో చెప్పదగ్గ అబద్ధాలు ఎన్నో ఉన్నాయి. చిన్నప్పుడే వచ్చేశామనవచ్చు, పక్క ఊరనవచ్చు, పరీక్షకి చదువుకోవాలని గదిలోకి తప్పుకోవచ్చు. హదస్సాకి మూడూ తోచాయి. కానీ రేపు రాత్రి వెట్టి నుంచి బయటపడ్డ కథని నోరారా చదవాల్సినదాన్ని, ఇవాళ నాన్న పేరు దాచుకుని ఏ మొహంతో చదువుతాను అనిపించింది. వాసవీకుమారి మీద నమ్మకం కూడా ఉంది. చెమటలు కక్కుతూ రొట్టెలు కాల్చిన మనిషి, కథ విని కన్నీళ్ళు పెట్టుకున్న మనిషి.

"ఊళ్ళో కాదండీ. రోడ్డుకి ఇవతల. పల్లెలో. యెహెజ్కేలుగారమ్మాయిని."

నీరజ జుట్టులో దువ్వెన ఆగింది. "నీలం తలుపుల మందిరం ఉంటుంది, అక్కడా?"

"అవునండీ. మా నాన్నే అక్కడ ప్రార్థన చదువుతారు."

"ఓహో" అంది నీరజ. అంతే. మొహం మీద చిరునవ్వు అలాగే ఉంచుకుని, ఎండ ఎక్కువగా ఉందని, అక్కని రమ్మని సైగ చేసి దిగిపోయింది. వాసవీకుమారికి ఏమీ అర్థం కాలేదు. "ఏటే, ఏటయింది?" అంటూ వెనకాలే వెళ్ళింది. తిరగేసిన వడియాలు సగం, తిరగేయనివి సగం అలాగే ఉండిపోయాయి.

ఆ సాయంత్రం కిందనుంచి ధర్మలింగం గొంతు వినబడింది. ముందు తెలుగులో, తర్వాత ఒడియాలో. మర్నాడు పొద్దున్న, "తిన్నావేటి పాపా?" అన్న పలకరింపు లేదు. పగలంతా లేదు. వడియాలు ఎవరో చప్పుడు చేయకుండా తీసుకుపోయారు. హదస్సా తనని తాను చీవాట్లు పెట్టుకుంది. యాత్ర హడావిడి, ఇంటినిండా చుట్టాలు, ఆమెకి మాత్రం తీరికేదీ? రాత్రికి వస్తానందిగా. మాటిచ్చిన మనిషి.

పొద్దుగూకేముందు నేల మీద తెల్ల దుప్పటి పరిచింది. నలుగురు కూర్చునేంత వెడల్పు, రెండు పీటలు. రెండు గ్లాసుల్లో కిస్‌మిస్ నీళ్ళు పోసింది. పళ్ళెంలో కొత్తిమీర, వేపాకు, ఖర్జూరం ముద్ద, ఉప్పునీళ్ళు, బీట్‌రూటు, ఆ పాపం బంగాళాదుంప. గుండ్రటి రొట్టె అన్నిటికన్నా పైన పెట్టింది. దీపాలు వెలిగించింది. ఆపైన చుక్కలు పొడిచాయి. వీధిలో డప్పులు దగ్గరై, దూరమై, మళ్ళీ దగ్గరయ్యాయి. మెట్ల మీద అలికిడి లేదు.

ఎంతసేపని కూర్చుంటుంది? పుస్తకం తెరిచి మొదటి ఆశీర్వాదం చదివింది, చేతులు కడుక్కుంది, కొత్తిమీర ఉప్పునీళ్ళలో ముంచి తిన్నది. పిలుపు దగ్గరికి వచ్చింది. ఇక్కడ ఆగి మెల్లగా చదివేసి ఊరుకోవచ్చు. ఇంటికి ఇన్ని మైళ్ళ దూరంలో చూసేదెవరు? కానీ కాళ్ళు వాటంతటవే లేచాయి. గుండ్రటి రొట్టె చేతిలోకి తీసుకుని, తలుపు బార్లా తెరిచి, గుమ్మంలో నిలబడి అచ్చం తండ్రిలాగే గొంతెత్తింది.

"ఆకలిగొన్నవాళ్ళంతా వచ్చి తినండి!"

మెట్ల మీద, పైనుంచి ఐదో మెట్టు దగ్గర, వాసవీకుమారి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. పట్టుచీర కట్టుకుంది. భోజనానికే సిద్ధమై బయల్దేరిన మనిషిలా ఉంది. కానీ ఆ మెట్టు దాటి పైకి రాలేదు.

"రండాంటీ" అంది హదస్సా. "మీ కోసమే చూస్తున్నాను. మీ వాటా ఇదిగో."

వాసవీకుమారి రొట్టె వంక చూసింది. ఆ చూపులో అసహ్యం లేదు. అది ఉన్నా బాగుండేదేమో, కోపమైనా తెచ్చుకునేది హదస్సా. ఉన్నదల్లా ఏడుపు.

"ఒక్కమాట నాకు ముందే సెప్పలేదేటి పాపా?"

పస్కా రాత్రి ఎవరో ఒకరు ప్రశ్న అడగాలని నియమం. ఆ రాత్రి హదస్సాని ఇంకొకరు అడిగింది ఆ ఒక్కటే. హదస్సా దగ్గర దానికి జవాబు ఉంది. చెబితే గది ఇచ్చేవారా అని. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది గానీ, అతిథితో అనాల్సిన మాట కాదని మింగేసింది.

"ఇప్పుడు చెప్పానుగా. ఏం మారిందాంటీ? పిండి మీరు తెచ్చిందే. పెనం మీదే. పక్కన కూర్చుని మీరే టైము చూశారు."

"నాకేటి పాపా, నానయితే తినెద్దును." అంటూ వాసవీకుమారి వెనక్కి తిరిగి కింద వాకిట్లోకి చూసింది. అక్కడ ధర్మలింగం, నీరజ ఏమీ పట్టనట్టు నిలబడి ఉన్నారు. "అందరూ సూత్తన్నారు. రేపు మా మనవరాలికి సంబందాలు రావాలి కదా. నీరజ ఊరుకుంటాదేటి, తెనాలెల్లి సెప్పదా?"

హదస్సా మూడు మెట్లు దిగింది. రొట్టె ముందుకి చాపింది. "ఒక్క ముక్క. వాళ్ళు చూడకుండా. మా నాన్నకి చెప్పానాంటీ మీరు తింటారని."

వాసవీకుమారి చెయ్యి కొంగులోంచి బయటికొచ్చింది. నిజంగా వచ్చింది. రొట్టెకి జానెడు దూరం దాకా వచ్చి, అక్కడ ఆగి, పక్కనున్న పిట్టగోడ వైపు తిరిగింది.

"అక్కడెట్టు పాపా. తరవాత తీసుకుంతాను."

ఆ సైగ హదస్సాకి కొత్త కాదు. తను పడలేదు గానీ విన్నది. కోతలయ్యాక అన్నం అడగడానికి వెళితే ఊళ్ళోవాళ్ళు దొడ్డిగోడ మీద పెడితే, వాళ్ళు లోపలికి పోయాక తీసుకోవాలనే ఆ పద్ధతి నాయనమ్మ చేసి చూపించేది, నవ్వుతూ. ఇప్పుడు పెట్టే చెయ్యి తనది, తీసుకోవలసిన చెయ్యి వాళ్ళది. అయినా గోడ మీదే పెట్టాలి. ఎటు తిప్పినా గోడ అక్కడే ఉంది.

ఆమె పెట్టలేదు. "ఆకలిగా ఉంటే వచ్చి తినండాంటీ" అంది. ప్రార్థన పుస్తకంలో ఉన్న మాటే. అంతకన్నా తన సొంతమాట ఏదీ నోటికి రాలేదు.

"నాకాకల్లేదు పాపా" అంది వాసవీకుమారి. ఒక మెట్టు వెనక్కి దిగి, ఇంకా ఏదో మిగిలిపోయినట్టు ఆగింది. "ఆ పెనం, గిన్నెలు మరి కిందకి తేకు. నువ్వే ఉంచీసుకో. ఆయన సెప్పమన్నారు, నెలాకరికి ఇంకో గది సూసుకోమని. నాను... ఏటనుకోకు."

పట్టుచీర గరగరలాడుతూ దిగిపోయింది. హదస్సా గదిలోకొచ్చి తలుపు తీసే ఉంచి కూర్చుంది. పస్కా రాత్రి అడగాల్సిన నాలుగు ప్రశ్నలూ తనే అడుక్కుంది, జవాబులూ తనే చెప్పుకుంది. పద్ధతి ఒప్పుకుంటుంది. వేపాకు దగ్గరికి వచ్చేసరికి ఇక నమలాల్సిన అవసరం కనిపించలేదు, అయినా నమిలింది. రెండో పీట మీద ఎవరూ లేరు. ఏడ్చింది. ఈసారి తీరిక దొరికింది.

పండగ మొదటి రోజు పొద్దుగూకేదాకా ఫోను ముట్టకూడదు. మర్నాడు సాయంత్రం చుక్క కనబడీ కనబడకముందే అది మోగింది. తండ్రి. వెనకాల మందిరంలో జనం సందడి.

"అమ్మా హదస్సా, పండగ బాగా జరిగిందా? ఆమె వచ్చారా?"

నిజం చెప్పాలనే ఫోనెత్తింది. నిన్నా మొన్నా నిజం చెప్పినదానికి ఇవాళ కష్టమేముంది? కానీ అవతల సందడి టక్కున ఆగిపోయింది. ఆయన ఫోను స్పీకర్లో పెట్టాడని ఆమెకి తెలిసిపోయింది. నలభై యాభై మంది ఊపిరి బిగబట్టి ఉన్నారు. వాళ్ళందరికీ ముందే చెప్పుకున్నాడన్నమాట. రాత్రంతా తలుపు దగ్గర నిలబడి, ఎప్పట్లాగే ఎవరూ రాకపోతే, అక్కడ మా అమ్మాయి దగ్గరికి వచ్చి ఉంటారని చెప్పుకుని ఉంటాడు.

"వచ్చారు నాన్నా."

"తిన్నారా?"

"తిన్నారు."

అవతల నుంచి ఒక్కసారిగా కేకలు, చప్పట్లు. ఎవరో ముసలామె పాట ఎత్తుకుంది. యెహెజ్కేలు ఏడుస్తున్నాడు. మళ్ళీ మళ్ళీ, "తిన్నారంట, విన్నారా, కోమటింటి ఇల్లాలు మనమ్మాయి చేతి రొట్టె తిన్నదంట" అంటున్నాడు. ఆయన అంత సంతోషంగా ఉండగా హదస్సా ఎన్నడూ వినలేదు. చెవికి ఆనించుకున్న ఫోను బరువెక్కిపోయింది.

బయట బళ్ళున నీళ్ళు కుమ్మరించిన చప్పుడైంది. శుక్రవారం పొద్దున్న కడిగే మెట్లు గురువారం సాయంత్రం కడుగుతోంది వాసవీకుమారి. పసుపు నీళ్ళ బకెట్టు పక్కన పెట్టుకుని, పైమెట్టు నుంచి, హదస్సా గుమ్మం దగ్గర నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క మెట్టూ చీపురుతో రుద్దుతూ కిందకి దిగుతోంది. కింద నీరజ నిలబడి, మూలలు వదిలేశావని చూపిస్తోంది. కిటికీలోంచి వాసవీకుమారి ముఖం కనబడుతోంది. ముక్కు తుడుచుకుంటూ రుద్దుతోంది.

"ఏంటమ్మా ఆ నీళ్ళ చప్పుడు?"

"మెట్లు కడుగుతున్నారు నాన్నా. ఆంటీ."

"మన పండగ అని కడుగుతోందా! చూశావా? వాళ్ళకి కూడా శుభ్రమంటే అంత పట్టింపు. మనలాంటి మనిషే అమ్మా ఆమె. నేను అప్పుడే అనుకున్నా." ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఒక్కసారి ఫోను ఆమెకియ్యి. నా అంతట నేను ఒక మాట చెప్పుకోవాలి. ముప్ఫయ్యేళ్ళుగా పిలుస్తున్నానమ్మా."

హదస్సా కిటికీలోంచి చూసింది. వాసవీకుమారి ఐదో మెట్టు దాకా వచ్చింది. నిన్న తను నిలబడ్డ మెట్టు. దాన్నీ రుద్దుతోంది.

"ఆమె చేతులు తడిగా ఉన్నాయి నాన్నా" అంది.